రాజముద్రిక, నల్లపూసలు



నవంబరు నెల దగ్గరపడింది. సమాధుల పండుగకు ఇంకా కొద్ది వారాలే ఉన్నాయి. సున్నం డబ్బాలు, బంతిపూలు, కొవ్వొత్తుల లెక్కలు మీ ఇళ్ళల్లో మొదలయ్యే ఉంటాయి. ఈ వారం మన సాహిత్య పాఠం ఆ పండుగకు దగ్గరలోనే ఉంటుంది. అయితే అది మొదలైంది మాత్రం ఒక ఇంగ్లీషు పద్యంతో.

సాతంరాయిలో ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు మా వరండాలోకి పుస్తకాలతో వస్తారు. పాఠం చెబుతుంటే మధ్య మధ్య ఆగాలి. శంషాబాదు విమానాశ్రయం నుంచి లేచిన విమానం నెత్తిమీదుగా పోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మొన్న పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఒక పద్యం తెచ్చింది. షెల్లీ రాసిన ‘ఓజిమాండియస్’. దాని కింద గైడులోంచి దించుకున్న జవాబు కూడా ఉంది. అధికారం శాశ్వతం కాదు, కాలం అందరినీ ఓడిస్తుంది అని. ఐదు మార్కులు.

“జవాబు సరిగ్గానే ఉందమ్మా, మరి పద్యం చదివావా?” అన్నాను.

“జవాబు వచ్చినంక పద్యం ఎందుకు సార్?” అన్నది.

ఆ పిల్లను తప్పు పట్టలేను. మనం పెద్దవాళ్ళం కూడా చాలా విషయాలను అలాగే చదివాం. ఆ సాయంత్రం మేము జవాబును పక్కనబెట్టి పద్యం చదివాం. మీరూ మీ పిల్లలతో కూర్చుని చదవాలనే ఈ పాఠం రాస్తున్నాను.

షెల్లీ 1792లో పుట్టి, 1822లో ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా సముద్రంలో మునిగి చనిపోయిన కవి. ఈ పద్యం 1818 జనవరిలో ఒక లండను వారపత్రికలో అచ్చయింది. కలంపేరుతో వేశారు. స్నేహితుడు హొరేస్ స్మిత్, తానూ ఒకే విషయం మీద పోటీగా చెరొకటి రాసుకున్నారు. స్మిత్ రాసినది కూడా కొద్ది వారాలకే అదే పత్రికలో వచ్చింది. ఇప్పుడు దానిని చదివేవారు తక్కువ.

పద్యం మొత్తం పద్నాలుగు పాదాలు. కథ చాలా చిన్నది. కవికి ఒక బాటసారి తారసపడి తాను చూసినది చెబుతాడు. ఎడారిలో రెండు రాతి కాళ్ళు నిలబడి ఉన్నాయి. పైన మొండెం లేదు. దగ్గరలోనే ఇసుకలో సగం కూరుకుపోయి, పగిలిన ముఖం పడివుంది. నొసలు ముడిచి, పెదవి విరిచి, పనివాళ్ళను శాసించే ముఖం అది. కింద పీఠం మీద అక్షరాలున్నాయి. తాను రాజులకు రాజునని, ఎంతటివాళ్ళయినా తన కట్టడాలు చూసి ఆశ వదులుకోవలసిందేనని వాటి సారాంశం. చూద్దామంటే అక్కడ కట్టడాలు లేవు. కనుచూపు మేర ఇసుకే.

ఇక్కడిదాకా గైడులో ఉంటుంది. గైడు చెప్పనిది మధ్యలో ఉంది. బాటసారి ముందుగా మాట్లాడేది రాజు గురించి కాదు, శిల్పి గురించి. ఆ ముఖంలోని అహంకారాన్ని శిల్పి బాగా చదివాడంటాడు. ఆలోచించండి. శిల్పి ఆ రాజు దగ్గర కూలికి పనిచేసినవాడు. రాజును తిడుతూ చెక్కలేదు, తిడితే తల ఉండేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. రాజుకు అది గొప్పగానే కనిపించి ఉంటుంది. తన విరుపు తనకు తేజస్సులాగే కనిపిస్తుంది కదా! వేల ఏళ్ళ తరువాత రాజ్యం పోయి, పేరు మసకబారి, ఆ విరుపు ఒక్కటే మిగిలింది. కాలం ఓడించిందనడం సగం సంగతే. అధికారం కింద తలవంచుకుని పనిచేసిన ఒక మనిషి ఆ ముఖాన్ని చదివి, సాక్ష్యం రాసిపెట్టి పోయాడన్నది మిగతా సగం.

మన పత్రికలో షెల్లీ ఏమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. దేవుడు లేడని కరపత్రం రాసినందుకు 1811లో ఆక్స్‌ఫర్డు నుంచి గెంటివేయబడిన మనిషి ఆయన. ఆ సంగతి దాచనవసరం లేదు. అయితే ఆయన వెక్కిరించిన రాజెవరో చూడండి. ఓజిమాండియస్ అన్నది ఐగుప్తు ఫరో రెండవ రామ్సెసుకు గ్రీకులు పెట్టుకున్న పేరు. క్రీస్తుపూర్వం పదమూడవ శతాబ్దంలో అరవై ఆరేళ్ళు ఏలినవాడు. ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన ఫరో ఇతనేనని చాలామంది పండితుల అభిప్రాయం. పండితుల అభిప్రాయమే, గ్రంథం మాట కాదు. నిర్గమకాండం ఆ ఫరో పేరు చెప్పదు. కట్టించిన పట్టణాల పేర్లు చెబుతుంది. మగబిడ్డలను చంపమన్న ఆజ్ఞను లెక్కచేయని ఇద్దరు మంత్రసానుల పేర్లు, షిఫ్రా, పూయా అని, విడమరచి చెబుతుంది. రాజాజ్ఞను ధిక్కరించిన పేద స్త్రీల పేర్లు రాసి, రాజు పేరు వదిలేసిన గ్రంథం మన చేతిలో ఉంది. ఈ ఒక్క విషయంలో ఆ నాస్తికుడూ మోషే గ్రంథమూ ఒకే వైపు కూర్చున్నారు.

ఇంకో సంగతి పిల్లలను బాగా నవ్వించింది. రామ్సెసు భౌతికకాయం 1881లో దొరికింది. బూజు పట్టి పాడవుతున్నదని 1976లో విమానం ఎక్కించి పారిస్ తీసుకుపోయి వైద్యం చేయించారు. అక్కడ దిగినప్పుడు సైనిక వందనం కూడా జరిగింది. “మన మీదికెళ్ళి పొయ్యిండా సార్?” అన్నాడు ఆరో తరగతి వాడు. అప్పటికి మన ఊరి దగ్గర విమానాశ్రయమే లేదురా అన్నాను. 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. ఇక్కడ సుమారు ఐదున్నర వేల ఎకరాల్లో విమానాశ్రయం వచ్చాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి.

ఐగుప్తు దాకా పోనక్కరలేదని ఎవరైనా అంటే నేను కాదనను. శంషాబాదు నుంచి గోల్కొండ ఎంత దూరం? ఒక సెలవురోజు పిల్లలను తీసుకుని వెళ్ళండి. కోటకు దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. ఏళ్ళ తరబడి మరమ్మతులు జరిగి 2024లో ఆ పని ముగిసింది. ఇప్పుడు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ సమాధి అక్కడే ఉంది. అయితే ఆఖరి రాజు అబుల్ హసన్ తానాషా సమాధి అక్కడ కనబడదు.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టుకుంది. తానాషాను దౌలతాబాదు కోటలో బంధించారు. సుమారు పన్నెండేళ్ళు బందీగా ఉండి అక్కడే కన్నుమూశాడు. ఆ దగ్గరలోని ఖుల్దాబాదులో పూడ్చారు. 1707లో ఔరంగజేబు చనిపోయినప్పుడు ఆయన్నీ తెచ్చి ఖుల్దాబాదులోనే పెట్టారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఇప్పుడు ఒకే ఊళ్ళో ఉన్నారు.

తానాషా పేరు చెప్పగానే మనవాళ్ళకు రామదాసు గుర్తుకొస్తాడు. భద్రాచలం గుడికి సర్కారు పైకం వాడాడని కంచర్ల గోపన్నను గోల్కొండ చెరలో వేశారు. పన్నెండేళ్ళని జనం చెప్పుకుంటారు. రాజూ బందీ ఇద్దరికీ పన్నెండేళ్ళే రాసిపెట్టి ఉన్నట్టుంది. కోటకు పోయినప్పుడు జనం ఎక్కడ గుమిగూడుతారో గమనించండి. రామదాసు బందీఖానా దగ్గర. చీకటి గదిలో గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే దేవతామూర్తులను పిల్లలకు ఎత్తి చూపిస్తారు. మళ్ళీ ఇక్కడా రాయి చెక్కిన చెయ్యే మిగిలింది చూశారా! షెల్లీ ఈ గోడను చూడలేదు గాని, చూస్తే సంతోషించేవాడు.

ఇప్పుడు అసలు పాఠానికి వస్తాను. షెల్లీ, కీట్సు మొదలైన కవులను చదివి మనవాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భావకవిత్వం రాశారని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ గాలి తగిలినా తన దారిన తాను నడిచిన కవి గుర్రం జాషువ. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడాది జులైలో గుంటూరులో కన్నుమూశారు. పేదరికం, కులభేదం తన ఇద్దరు గురువులని ఆయన చెప్పుకునేవారు. మొదటిది ఓర్పు నేర్పిందట, రెండోది ఎదిరించడం నేర్పిందట.

ఆయన ‘ఖండకావ్యం’లో శ్మశానం మీద రాసిన పద్యాలున్నాయి. పుస్తకం చూడనివారు కూడా వీటిని వినే ఉంటారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రాగానే నటుడు ఈ పద్యాలు ఎత్తుకునేవాడు. ఆ నాటకం రాసింది జాషువ కాదు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. అయినా జనానికి కాటిసీనంటే జాషువ పద్యాలే. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెట్రోమాక్సు లైటు వెలుగులో నాటకం జరిగితే, చదువు రాని రైతులు ఆ పద్యానికి ఒన్సుమోర్ కొట్టడం నాకు గుర్తుంది.

వాటిలో ఒక సీసపద్యం మనకు కావాలి. ఇచ్చోటనే, ఇచ్చోటనే అంటూ సాగుతుంది. ఒక మంచి కవి కలం నిప్పుల్లో కరిగిపోయిన చోటు ఇదే. భూమినేలిన రాజు అధికార ముద్రిక మాయమైన చోటు ఇదే. లేతవయసు ఇల్లాలి నల్లపూసల అందం నీళ్ళలో కలిసిపోయిన చోటు ఇదే. పేరుగన్న చిత్రకారుని కుంచె నశించిన చోటూ ఇదే.

షెల్లీ పద్యం పక్కన పెట్టి చూడండి. షెల్లీ ఎడారిలో రాజు ఒక్కడే ఉన్నాడు. చుట్టూ ఇసుక. జాషువ శ్మశానంలో రాజు వరుసలో రెండోవాడు. ఆయన ముద్రిక పక్కనే ఒక పేరులేని పిల్ల మెడలోని నల్లపూసలున్నాయి. రెండూ ఒకే బరువుతో తూగుతున్నాయి. రాజు పోయాడని నవ్వుకుందామనుకునేలోపు ఆ నల్లపూసలు మన గొంతు పట్టుకుంటాయి. మరో పద్యంలో కొత్త సమాధి మీద ఎవరో పెట్టిపోయిన దీపం ఒకటి ఉంటుంది. ఆముదం అయిపోయినా ఆరిపోవడం లేదట. ఎవరి గుండెనో అక్కడ పెట్టిపోయారా అని కవి అడుగుతాడు. పెత్తనం పోయేదీ ఇక్కడే, ప్రేమించినవాళ్ళు పోయేదీ ఇక్కడే. అందువల్ల జాషువ పద్యంలో షెల్లీలో ఉన్న వెక్కిరింత లేదు. నా మట్టుకు నాకు జాషువ పద్యమే పెద్దది. ఇంగ్లీషు మాస్టర్లు క్షమించాలి.

ఆ వరుసలోనే ఇంకొక పద్యం వస్తుంది. నాటకాల్లో దానిని పాడేటప్పుడు సభ ఒక్కసారి సద్దుమణిగేది. ఇక్కడ అంటరానితనానికి తిరగడానికి చోటు లేదంటాడు కవి. పెద్దపులినీ మేకనూ ఒక పక్కన చేర్చి జోకొట్టే చోటట ఇది.

పులీ మేకా అనగానే మీకు ఏదో తట్టి ఉండాలి. యెషయా గ్రంథం పదకొండవ అధ్యాయం తీయండి. ఆగమన కాలంలో పూజలో వింటాం. తోడేలు గొర్రెపిల్లతో, చిరుతపులి మేకపిల్లతో కలిసి ఉండే రోజు గురించి ప్రవక్త చెబుతాడు. ప్రవక్త చెప్పింది బతికివున్నవాళ్ళ సంగతి. అక్కడ ఒక చిన్నపిల్లవాడు వాటిని తోలుకుంటూ నడుస్తుంటాడు కూడా. జాషువ అలాంటి రోజు కోసం ఊరంతా వెతికినట్టున్నాడు. బడిలో లేదు, బావి దగ్గర లేదు, సభల్లో లేదు. చివరికి కాటిలో దొరికింది. ఆ పద్యంలోని ఓదార్పు వెనుక ఎంత కోపం ఉందో ఇప్పుడు వినబడుతుంది. మనుషులు చచ్చేదాకా ఇవ్వనిదాన్ని మట్టి ఇస్తున్నదంటున్నాడు. అధికారం అశాశ్వతమని షెల్లీ రాజుకు చెప్పాడు. జాషువ రాజుతో మాట్లాడడం లేదు. పక్కింటివాడి నీడ తన మీద పడకుండా చూసుకునే మామూలు మనిషితో మాట్లాడుతున్నాడు. ఆ పెత్తనానికి కిరీటం అక్కరలేదు, పొలం గట్టు మీద కూడా దొరుకుతుంది.

ఇదంతా చెప్పి నేను కాస్త గర్వంగా నీళ్ళు తాగుతుంటే ఆ అమ్మాయే అన్నది. “సార్, నిజంగ ఆడ అంటరానితనం ఉండదా? మా అమ్మమ్మోళ్ళ ఊరిల మనోళ్ళ సమాధులు వేరే దిక్కున ఉంటయి.”

విమానం ఒకటి వచ్చి నన్ను కాసేపు కాపాడింది. అది పోయిన తరువాత కూడా నాకు జవాబు దొరకలేదు.

ఆ ఊరు నేను చూడలేదు గాని, నా సొంత ఊరు చూశాను. ఊరి పేరు రాయను, రాస్తే ఆ ఒక్క ఊరిదే తప్పని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మా సమాధుల తోటకు రెండు దర్వాజాలు. మధ్యలో మోకాలెత్తు గోడ. ఒకే గుడి, ఒకే దివ్యసత్ప్రసాదం, ఒకే ఉపదేశి పాడించిన పాటలు. శవం లేచాక మాత్రం దారులు వేరయ్యేవి. ఎవరు ఏ దర్వాజాలోంచి పోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు, మోసేవాళ్ళ కాళ్ళకే తెలుసు. ఒక సంవత్సరం వానలకు గోడ కొంత పడిపోయింది. మళ్ళీ కట్టాలా వద్దా అని పెద్దలు కూర్చున్నారు. నేను అప్పటికే పంతులుగా ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఆ కూర్చున్నవాళ్ళలో ఒకణ్ణి. కట్టవద్దని ఒక ముసలాయన అన్నాడు. ఆయన రెండో దర్వాజావాడు. అందరూ నా వైపు చూశారు, చదువుకున్నవాడు ఏమంటాడో అని. జాషువ పద్యాలు నాకు అప్పటికే కంఠతా వచ్చు. నేను చందా ఎంత రాయాలో అడిగాను.

గోడ లేచింది. ఆ ముసలాయన ఆ తరువాత నన్ను చూసినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు, మునుపటిలాగే. ఆయన కళ్ళల్లో నా ముఖం ఎలా చెక్కబడి ఉందో షెల్లీ పద్యం మళ్ళీ చదివిన రోజున నాకు తెలిసింది. నాకు రాజ్యం లేదు, సైన్యం లేదు. ఒక చిన్న ఊళ్ళో నలుగురూ నా మాట వినేపాటి పలుకుబడి ఉండేది, అంతే.

పిల్లలకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. చెప్పాను. ఆరో తరగతివాడికి పెద్దగా అర్థం కాలేదు. ఆ అమ్మాయి మాత్రం పుస్తకంలో ఐదు మార్కుల జవాబు చివర చుక్కను చెరిపి కామా పెట్టింది. తరువాత ఏం రాస్తుందో చూద్దామని నేను అటువైపు చూడలేదు.

ఇంట్లో చదివేటప్పుడు కొన్ని సంగతులు మనసులో పెట్టుకోండి. షెల్లీ పద్యాన్ని బిగ్గరగా చదివించండి. అందులో ముగ్గురు మాట్లాడతారు, కవి, బాటసారి, పీఠం మీది రాజు. ముగ్గురు పిల్లలుంటే తలొకరికి ఒక గొంతు ఇవ్వండి. రాజు మాటలు ఎంత గట్టిగా అరిస్తే, తరువాతి నిశ్శబ్దం అంత బాగా వినబడుతుంది. శిల్పి గురించిన పాదాలను తొందరపడి దాటనివ్వకండి. జాషువ పద్యాలను ఇంట్లో నాటకాలు చూసిన తాతయ్యలుంటే వాళ్ళచేత రాగం తీసి పాడించండి. గొంతు వణికినా ఫరవాలేదు, కాటిసీనుకు వణుకే బాగుంటుంది. పెద్దవాళ్ళు పాడితే పిల్లలు నవ్వుతారేమోనని భయపడకండి. నల్లపూసల దగ్గరికి వచ్చేసరికి నవ్వరు. వీలైతే ఆ తరువాత ‘ఫిరదౌసి’ చదవండి. బంగారు నాణేలు ఇస్తానని మాట తప్పిన గజనీ మహమ్మదు, ఆ మాట నమ్మి జీవితమంతా కావ్యం రాసిన కవి కథ అది. వచ్చే నెల దాని గురించి రాస్తాను.

నవంబరు 2న నేను మా ఊరు వెళుతున్నాను. మా అమ్మానాన్నల సమాధులకు సున్నం వేయించి చాలా కాలమైంది. ఆ ముసలాయన కూడా ఇప్పుడు అక్కడే ఉన్నాడు, గోడకు అవతల. సంగతి తెలిసి ఆ అమ్మాయి కొవ్వొత్తుల పొట్లం ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది.

“సార్, ఏ దర్వాజలకెళ్ళి పోతరు?” అని అడిగింది.